ఇంగ్లండు వాన, బనగానపల్లె వాన



ఇంగ్లండు అన్నంతనే ఎడతెగని వానయు, పొగమంచును, చేతి గొడుగును స్మరణకు వచ్చును. బనగానపల్లె అన్నచో ఎండయు, నాపరాతి వేడియు, మామిడిపండును తోచును. కాని వానకొలత పాత్ర వేఱొక మాట చెప్పును. లండను నగరమున ఏటికి కురియు వర్షము సుమారు 600 మిల్లీమీటర్లు. బనగానపల్లె నేడు నంద్యాల జిల్లాలో నున్నది. అది చేరియుండిన పూర్వపు కర్నూలు జిల్లా సగటు వర్షపాతము 650 మిల్లీమీటర్లకు పైబడినది. అనగా ఈ కరవుసీమలోనే వాన కొంచెము ఎక్కువ!

మఱి అచ్చట పచ్చిక ఏడాది పొడవునా పచ్చగా నుండుటకును, ఇచ్చట రైతు ఆకాశమువంక చూచుచుండుటకును కారణమేమి?

కారణము వాన పడు తీరులో నున్నది. అట్లాంటిక్ మహాసముద్రముపై నుండి వీచు పడమటిగాలి ఇంగ్లండునకు అన్ని నెలలందును తేమను మోసికొని వచ్చును. వెచ్చని సముద్రప్రవాహము తోడగుటచే, 51 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నను లండను గడ్డకట్టుకొనిపోదు. నెలకు 40 మొదలు 70 మిల్లీమీటర్ల వఱకు సన్నని జల్లు పడును. నడివేసవిలో సయితము పగటివేడి 24 డిగ్రీల చుట్టుపట్ల నుండుటచే నీరు త్వరగా ఆవిరి కాదు. ఆ దేశమునందును పడమటి కొండలు మేఘములను ముందే పిండుకొనును. తూర్పుననున్న లండనుకు మిగులునది తక్కువ.

పడమటి కనుమల చాటున రాయలసీమకును పట్టినది అదే గతి. అయితే ఇచ్చట ఆ మిగిలిన వానలో అధికభాగము జూన్ మొదలు అక్టోబరు లోపల, కొద్ది దినములలోనే కురిసిపోవును. ఒక కార్తె ముఖము చాటువేయును. మఱియొక కార్తె చెఱువుకట్ట తెంచును. 1876-78 కరవులో ఈ సీమ జనము లెక్కకు మిక్కిలిగా నశించిరి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణమును ముంచెను. కావుననే ఈ సీమలో చెఱువు పూడిక తీయుట వరుణపూజకంటె ముందు చేయదగిన పని.

నల్లరేగడి ఉన్నచోట రైతునకు కొంత ఊరట కలదు. ఆ నేల వాననీటిని కడుపున దాచుకొనును. వానలు వెనుదిరిగిన పిమ్మట విత్తిన శనగ ఆ తడితోడను, మంచుతోడను పండును. ఇంగ్లండులో వాన మాటిమాటికి వచ్చి చేయు పనిని ఇచ్చట రేగడి ఒక్కతియే చేయుచున్నది.

2022 జూలై 19న ఇంగ్లండులోని కోనింగ్స్‌బీలో వేడి 40.3 డిగ్రీలకు చేరెను. ఆ దేశమున అంతకుముందెన్నడును అట్టి వేడి నమోదు కాలేదు. ఆ వేసవిలో లండను ఉద్యానవనముల పచ్చిక ఎండి గడ్డివాము రంగు తేలెను. బనగానపల్లెలో మే నెలయందు ఆపాటి ఎండ ముచ్చటించుకొనదగిన సంగతియే కాదు.

అయినను ఇంగ్లండు జల్లు ఇచ్చట కురియవలెనని కోరరాదు. మామిడి పూతపట్టుటకు పొడి చలికాలము కావలెను. అప్పుడు మబ్బు మూసినను, జల్లు పడినను పూత మాడి రాలును. కాయ ముదురుటకు ఎండ కావలెను. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె మామిడిని లండను అంగడిలో కొనవచ్చును గాని, అచ్చటి పెరటిలో కాయించుట ఎవరితరమును కాదు.