అడుగకయే వచ్చిన అరువు

1958వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన అమెరికాదేశములోని కాలిఫోర్నియా రాష్ట్రమందు ఫ్రెస్నో నగరవాసులకు దాదాపు 60,000 కార్డులు టపాలో వెళ్లెను. కార్డు కావలెనని వారెవ్వరును అర్జీ పెట్టుకొని యుండలేదు. కవరు చించి చూడగా అందు తమ పేరు అచ్చొత్తిన చిన్న కార్డు. దానిని చూపినచో ఊరి దుకాణములలో 300 మొదలు 500 డాలర్ల వరకు అరువు పుట్టును. పంపినది బ్యాంక్ ఆఫ్ అమెరికా. ఆ కార్డు పేరు బ్యాంక్ అమెరికార్డు. నేడు వీసా యను పేరుతో దేశదేశములందు చెలామణి యగుచున్న కార్డునకు పుట్టినిల్లు ఆ ఊరే.

అరువు పద్దు లేని అంగడి ఏ దేశమునను ఉండదు. అమెరికాలో పెద్ద దుకాణములవారును, పెట్రోలు కంపెనీలవారును తమ ఖాతాదారులకు అంతకు మున్నే కార్డు లిచ్చుచుండిరి. 1950లో న్యూయార్కున వెలసిన డైనర్స్ క్లబ్బు పలు భోజనశాలలకు ఒకే కార్డు నిచ్చెను. కాని లెక్క అందిన వెంటనే బాకీ అంతయు చెల్లింపవలెను. ఈ బ్యాంకు కార్డు అన్నివిధముల దుకాణములందు చెల్లుటయే గాక, బాకీని ఒక్కసారిగా తీర్పలేనివానికి వడ్డీతో కొంచెము కొంచెముగా తీర్చుకొను వీలు కల్పించెను. బ్యాంకు లాభమును, గృహస్థుని చిక్కును ఈ వీలులోనే ఉన్నవని మా అభిప్రాయము.

అడుగనివారికి ఏల పంపవలెను? వర్తకుడు తన అమ్మకముపై నూటికి 6 వంతున బ్యాంకునకు ఇచ్చుకొనవలసి యుండెను. కార్డులు గల జనము కనబడనిదే అతడేల ఒప్పుకొనును? ఒప్పుకొన్న దుకాణములు లేనిదే జనమునకు కార్డుతో పనియేమి? ఈ ముడిని విప్పుటకై జోసెఫ్ విలియమ్సు అను అధికారి ఊరంతటికి కార్డులు పంచివేసెను. ఫ్రెస్నో కుటుంబములలో నూటికి 45 వంతులు అప్పటికే ఆ బ్యాంకు ఖాతాదారులు. అచ్చట సాగినది చూచి, ఏడాది తిరిగి నెలయైనను కాకమునుపే కాలిఫోర్నియా అంతట 20 లక్షల కార్డులు వెదజల్లిరి.

అప్పుడు తెలిసినది అసలు సంగతి. లాస్ ఏంజిలిస్ వంటి మహానగరములలో దొంగలు టపాపెట్టెలనుండి కార్డులు కాజేసిరి. సకాలమున చెల్లింపనివారు నూటికి నలుగురు మించరని బ్యాంకు లెక్క వేసికొనగా, 22 మంది తేలిరి. ప్రకటనల ఖర్చులతో కలిపి నష్టము సుమారు 2 కోట్ల డాలర్లు. 1959 చివర విలియమ్సు బ్యాంకును విడిచిపోయెను. బ్యాంకు మాత్రము కార్డును విడువలేదు. మొండి బాకీలను వసూలు చేయు శాఖను బలపరచి, 1961 నాటికి లాభము కంటచూచి, పోటీదారులకు తెలియకుండ ఆ లాభమును గుట్టుగా నుంచెను.

బ్యాంకు నష్టమును గూర్చి అందరును వ్రాసిరి. కాని తాను చూడని కార్డుపై, తాను కొనని సరకునకు లెక్కచీటి అందుకొన్న గృహస్థుని మాట ఏమి? అతడు అడిగినవాడు కాడు, వాడినవాడు కాడు. ఇతర బ్యాంకులును 1960ల రెండవ భాగమున ఇదే పద్ధతిని అనుసరించి ఊళ్లమీద కార్డులు కుమ్మరించిన పిమ్మట, 1970లో అమెరికా ప్రభుత్వము అడుగనివారికి కార్డు పంపుటను చట్టముచే నిషేధించెను. కార్డు దొంగిలింపబడినను యజమాని భరింపవలసిన నష్టము 50 డాలర్లకు మించరాదనియు విధించెను. ఫ్రెస్నో టపాకును ఈ చట్టమునకును నడుమ 12 ఏండ్లు గడచెను.

1966 నుండి బ్యాంక్ ఆఫ్ అమెరికా తన కార్డును ఇతర రాష్ట్రముల బ్యాంకులకును అనుమతి రుసుముపై ఇచ్చెను. అమ్మకపు చీటీలు బ్యాంకునుండి బ్యాంకునకు టపాలో తిరుగుచు గుట్టలు పడెను. 1968లో కొలంబస్ నగరమున సమావేశమైన బ్యాంకులవారు పరస్పర నిందలతో కాలము గడుపుచుండగా, సియాటిల్ బ్యాంకు ఉద్యోగి డీ హాక్ ఒక సంఘమును ప్రతిపాదించెను. 1970లో ఏర్పడిన క్రొత్త సంస్థకు సభ్యబ్యాంకులే యజమానులు. ఖాతాదారులకొరకు వారు పోటీ పడవచ్చును. లెక్కలు మాత్రము కలిసి తేల్చుకొనవలెను. అంతవరకు గుమాస్తా టెలిఫోనులో అడిగి తెలిసికొనుచుండిన అనుమతిని 1973 నుండి కంప్యూటరు ఇయ్యసాగెను. ఇంగ్లండున బార్క్లేకార్డు, కెనడాలో ఛార్జెక్స్ అని పలు పేర్లతో తిరుగుచుండిన ఈ కార్డు 1976లో వీసా అయ్యెను.

వీసా అప్పు ఇచ్చునని పలువురి తలంపు. అప్పు ఇచ్చునది, వడ్డీ గైకొనునది బ్యాంకు. వీసా బ్యాంకుల నడుమ వార్తలు మోసి రుసుము పుచ్చుకొనును. 2008లో అది వాటాలను బజారున విక్రయించి 1,790 కోట్ల డాలర్లు రాబట్టినది. సభ్యుల సంఘము అంతటితో వాటాదారుల కంపెనీ యైనది.

మన దేశమునకు ఈ పద్ధతి 1980 ప్రాంతమున వచ్చినది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు నిచ్చి, ఈ దారి తొక్కిన తొలి బ్యాంకులలో నిలిచెను. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకునందు విలీనమైనది. ఫ్రెస్నోలో లేకపోయిన నియమము మనకు వ్రాతమూలకముగ ఉన్నది. 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశము ననుసరించి, అడుగనివారికి కార్డు పంపి లెక్కచీటి వేసిన సంస్థ ఆ మొత్తమును రద్దు చేయుటయే గాక, దానికి రెట్టింపు సొమ్మును జరిమానాగా కార్డు అందుకొన్నవారికి చెల్లింపవలెను.