పిల్లులున్న ఇంట క్రిస్మస్ కొమ్మ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదు, మన హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఏటా ఈ తేదీన మనం కలుసుకునేది అందుకే. ఆ తీర్పు గురించీ, కరువు భత్యం బకాయిల గురించీ నాకన్నా తెలిసినవారు మాట్లాడారు. క్రిస్మస్ ఎనిమిది రోజుల్లోకి వచ్చింది కనుక, పిల్లులున్న ఇంట్లో పండుగ అలంకరణ గురించి చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నవ్వకండి. ఈ అలంకరణతోనే ఒక ప్రాణం మీదికి తెచ్చినవాణ్ణి నేను.

శ్రీకాకుళంలో మా ఇంట రెండు పిల్లులు. ఒకటి పలాస జీడిపప్పు రంగు, పేరు జీడి. రెండోది నల్లది, మసి. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయాక ఇవి గోడ దూకి వచ్చి, మా ఆవిడ పెట్టే పెరుగన్నానికి స్థిరపడిపోయాయి.

మా చిన్నతనంలో క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. సముద్రపొడ్డు నుంచి నాన్నగారు సైకిలు మీద తెచ్చేవారు. వెదురు బద్దలు, రంగు కాగితం, మైదా జిగురుతో స్టార్ చేసి వాకిట్లో కట్టేవాళ్లం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చింది. ఆ ఏడాది చెట్టు మీద కత్తి పెట్టడానికి నాకు మనసు రాలేదు. బజారులో ప్లాస్టిక్ చెట్టు, గాజు గోళాలు, తళతళలాడే వెండి కాగితపు తీగలు కొన్నాను. మనవరాలు వస్తున్నదన్న ఉత్సాహంలో కింద నుంచి పైదాకా చుట్టేశాను.

ఆ రాత్రే దబ్బుమని చప్పుడు. చెట్టు నేల మీద, గాజు పెంకులు గదంతా, బీరువా మీద జీడి. నాకు ఒళ్లు మండిపోయింది. "రేపు రెండింటినీ గోనెసంచిలో వేసి చేపల బజారులో వదిలేస్తాను" అన్నాను.

మా ఆవిడ పెంకులు ఊడుస్తూ, "తళతళలాడేది దాని ముక్కు ముందు కట్టింది మీరు. దాని తప్పేటండీ?" అంది. నేను జవాబు చెప్పలేదు. చెట్టు లేపి, తీగలు మళ్లీ చుట్టాను.

24వ తేదీ ఉదయం మసి అన్నం ముట్టలేదు. రెండుసార్లు కక్కి మంచం కిందికి దూరిపోయింది. మనవరాలు దాన్ని ఒళ్లోకి తీసుకుని, "తాతా, దీని నాలుక కింద ఏదో మెరుస్తోంది" అంది. నేను పట్టి లాగబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, డాక్టరు దగ్గరికి పదండి అంది.

"లాగకపోవడమే మంచిదైంది" అన్నారు పశువైద్యులు. పిల్లి నాలుక మీద గరుకు ముళ్లు గొంతు వైపుకు వంగి ఉంటాయి. దారం ఒకసారి చిక్కితే ఉమ్మలేదు, మింగుతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగులోకి వెళితే, లంగా బొందు లాగినప్పుడు కుచ్చిళ్లు పడ్డట్టు పేగు ముడుచుకుపోతుంది. ఇంకా లాగితే పేగు తెగుతుంది. ఆపరేషన్ చేసి తీగ తీశారు. కేరల్స్ వాళ్లు మా వాకిట్లో పాడి వెళ్లిన వేళకు మేం ముగ్గురం ఆసుపత్రి బల్ల మీద ఉన్నాం.

క్రిస్మస్‌కు కొత్తబట్ట దొరకనివాళ్లను ఒక పెద్ద పిల్లి తినేస్తుందని ఐస్‌లాండ్ దేశంలో పిల్లలకు కథ చెబుతారట. మా మనవరాలు ఆ పండుగకు కొత్త గౌను పెట్టెలోంచే తియ్యలేదు. మసి నాలుగు మెతుకులు తిన్నాకే తొడుక్కుంది.

మరుసటి ఏడాది నుంచి మా ఇంటి పద్ధతి మారింది. మళ్లీ సరుగుడు కొమ్మే. బకెట్టులో తడి ఇసుక కూరి కొమ్మ నిలబెట్టి, కిటికీ ఊచకు గట్టిగా కడతాను. రెండు రోజులు ఏ అలంకరణా లేకుండా వదిలేస్తే పిల్లులు వాసన చూసి, మోజు తీర్చుకుంటాయి. కింది సగం ఖాళీ. పై సగంలో ఏటికొప్పాక లక్క బొమ్మలు, పొందూరు ఖద్దరు ముక్కలతో మా ఆవిడ కుట్టిన చుక్కలు. పడ్డా పగలవు. వెండి తీగలు, దూది మంచు, వేలాడే దారాలు లేవు. దీపాల వైరు గోడవారగా అట్టగొట్టంలో నుంచి పోతుంది, పడుకోబోయే ముందు ప్లగ్గు తీసేస్తాను. కొవ్వొత్తులు మేం గదిలో ఉన్నంతసేపే.

పూల విషయం ఒకటి. బొకేల్లో వచ్చే పెద్ద రేకుల లిల్లీ పిల్లికి విషం. ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా మూత్రపిండాలు చెడతాయి. మనం దండల్లో గుచ్చే లిల్లీ వేరు. పిల్లి తిండి మానినా, పదేపదే కక్కినా, నోటి దగ్గర గాని వెనక గాని దారం కనిపించినా లాగకుండా వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. మన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. దగ్గరి పశువైద్యశాల నంబరు ఇప్పుడే గోడ మీద రాసుకోండి. పండుగ రాత్రి వెతుక్కోలేం.

మిత్రులారా, నలభై ఏళ్ల ఉద్యోగంలో నా తప్పును నేను ఎదుటివాడి ఫైలులో రాయలేదు. ఆ రాత్రి ఒక పిల్లి ఫైలులో రాయబోయాను. జనవరి మొదటి వారానికి మనవలు వెళ్లిపోతారు. మిగిలేది మేమిద్దరం, అవి రెండు. ఆ నలుగురికీ పనికొచ్చేదే మా ఇంటి పండుగ.