నెలలు నిండని మేకపిల్లను చలి నుండి కాపాడుట

మేకను పేదవాని ఆవు అందురు. సెంటు భూమి లేని ఇంట కూడ రెండు మేకలుండినచో ఆపదకు అక్కరకు వచ్చును. బిడ్డ జబ్బుపడినను, బడికి పుస్తకములు కావలసినను, అప్పులవాడు వాకిట నిలిచినను ముందు గుర్తుకు వచ్చునది దొడ్డిలోని మేకయే. అట్టి ఇంట ఒక పిల్ల నెలలు నిండక మునుపే పుట్టి తెల్లవారునప్పటికి బిగిసిపోయినచో దానిని చిన్న నష్టమని మేము తలపము. ఆ మొదటి రాత్రి చేయవలసిన పనులను, వానికంటె ముఖ్యముగా ఆ పనుల వరుసను, ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు పాత కృష్ణా జిల్లాలో మెట్ట సీమ; 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. చెవిటికల్లు వంటి గ్రామములలో చలి నీటిని గడ్డకట్టించునంతటిది కాదు. అందువలననే "ఈ మాత్రపు చలికి ఏమగునులే" అని ఉపేక్షింతుము. కాని తొలకరి తరువాత పచ్చిమేత తిని శ్రావణమాసమున చూలు కట్టిన మేక, అయిదు నెలలు లెక్కించిన, సరిగా పుష్యమాసమునకు ఈనును. అనగా ఏడాదిలోని చలిరాత్రులే దానికి పురిటి రాత్రులు. నెలలు నిండిన పిల్ల ఈ చలిని తట్టుకొనును. నిండనిది తట్టుకొనలేదు. ఏలయన?

గంగాళములోని వేడినీరు చాలసేపు వెచ్చగా ఉండును. చెంబులోని నీరు త్వరలో చల్లారును. చిన్న శరీరము వేడిని అంత త్వరగా కోల్పోవును. పుట్టిన పిల్ల ఒడలిలో గోధుమవన్నె కొవ్వు కొంత ఉండును. అది మండి వేడినిచ్చుటకే ప్రకృతి దాచిన ఇంధనము. నిండుపిల్లకే అది కొన్ని గంటలకు మించి రాదు. నిండని పిల్లకు అదియు కొరత. ఒంటి మీద తడి ఆరుచు మరికొంత వేడిని లాగికొనిపోవును. ఇంధనము అయిపోయిన పిదప పాలు తప్ప వేరు ఆధారము లేదు. పిల్ల చల్లబడినచో పాలు చీకలేదు. పాలు లేనిచో వెచ్చబడలేదు. ఈ చిక్కుముడిని విప్పుటయే మన పని.

మేక చూలు సుమారు 150 దినములు. 140 దినములు దాటి పుట్టిన పిల్లకు ఆశ ఎక్కువ. అంతకు చాల ముందుగా పుట్టినదానికి ఊపిరితిత్తులు పక్వము కాకుండుటచే, ఎంత కాపాడినను బ్రతుకుట కష్టము. మెత్తని చెవులు, పలుచని నూగు, నిలువలేని కాళ్లు, ఇంకను పైకి రాని పండ్లు నెలలు నిండలేదనుటకు గురుతులు.

పుట్టినంతనే మొదటి పని, ముక్కులోను నోటిలోను ఉన్న జిగురును గుడ్డతో తుడుచుట. రెండవది పొడిగుడ్డతోనో గోనెపట్టాతోనో ఒళ్లంతయు గట్టిగా రుద్ది తడి లేకుండ ఆర్చుట. ఈ రుద్దుటచే ఊపిరియు పుంజుకొనును. తడి పిల్లపై దుప్పటి కప్పుట మేలు కాదు. తల్లిని కూడ నాకనీయవలెను. మేక తన పిల్లను వాసనచే గుర్తించును గనుక, పిల్లను చాలసేపు ఇంటిలో దాచినచో తరువాత దగ్గరకు రానీయకపోవచ్చును. బొడ్డుకు టించర్ అయోడిన్ అద్దుట మరువరాదు.

పిమ్మట ఒంటి వేడిని చూడవలెను. మనకు 98.6 డిగ్రీల ఫారన్‌హీటు సహజము. మేకపిల్లకు 102, 103 డిగ్రీలు సహజము. కావున మన చేతికి గోరువెచ్చగా తోచిన పిల్ల నిజమునకు చల్లబడి ఉండవచ్చును. థర్మామీటరు లేనిచో శుభ్రమైన వేలిని నోటిలో ఉంచి చూచునది. నోరు చల్లగా ఉన్నచో పిల్ల ప్రమాదములో ఉన్నదని తెలియును. వణకుట మానినంత మాత్రమున చలి పోయినదని తలపరాదు. మిక్కిలి చల్లబడిన పిల్లకు వణకు శక్తి కూడ ఉండదు.

వెచ్చచేయుటకు గొప్ప సాధనములు అక్కరలేదు. లోతైన గంపలో ఎండిన వరిగడ్డి దట్టముగా పరచి, దానిపై గోనెపట్టా వేసి, వేడినీటి సీసాలకు గుడ్డ చుట్టి పిల్లకు ఇరుప్రక్కల పెట్టవలెను. నీరు చల్లారినప్పుడెల్ల మార్చవలెను. చల్లారిన సీసా పిల్ల వేడిని తానే లాగుకొనును. కరెంటు ఉన్న ఇంట 60 వాట్ల పాతకాలపు బల్బును రెండు మూడడుగుల ఎత్తున, గడ్డికి తగులకుండ, తల్లి తీగను కొరుకకుండ గట్టిగా వ్రేలాడదీయవచ్చును. నేటి ఎల్.ఇ.డి. బల్బులు వెలుగునిచ్చునే కాని తగినంత వేడినీయవు. పాత స్వెట్టరు చేతిని కత్తిరించి తొడుగుగా వేసినను మంచిదే. గంప తల్లికి కనబడు చోట, గాలి తగులని మూలన, కుక్కలు రాకుండ ఉండవలెను.

ఒక్క హెచ్చరిక. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. ఆ విషవాయువునకు వాసన లేదు. పిల్లకే కాదు, ప్రక్కన నిదురించు మనుష్యులకును ప్రాణాపాయము.

ఇక పాలు. చల్లబడిన పిల్ల నోటిలో పాలు పోయుట ప్రేమతో చేయు పనియే కాని ప్రాణము తీయు పని. మ్రింగలేని పిల్లకు ఆ పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. ముందు వేడి, తరువాత పాలు, వరుస ఇది. వేలిని చీకగలిగి, నోరు వెచ్చబడినపుడు ముర్రుపాలు పట్టవలెను. రోగములను ఎదుర్కొను శక్తి పిల్లకు ఆ పాల ద్వారానే చేరును. దినము గడచిన పిదప పేగులు ఆ శక్తిని గ్రహింపజాలవు. కిలో తూగు పిల్లకు మొదటి దినమున 150 నుండి 200 మిల్లీలీటర్ల వరకు, రెండు మూడు గంటలకొక తడవ 20, 25 మిల్లీలీటర్ల వంతున చాలును. పాల గిన్నెను వేడినీటిలో ఉంచి వెచ్చచేయవలెను. పొయ్యి మీద పెట్టినచో జున్నగును. పిల్లను వెల్లకిల పండుకొనబెట్టక, బోర్లగా ఒడిలో ఉంచి పట్టవలెను. తల్లికి పాలు లేనిచో అప్పుడే ఈనిన మరియొక మేక ముర్రుపాలు, అవియు దొరకనిచో ఆవు ముర్రుపాలు పనికివచ్చును.

పుట్టి అయిదారు గంటలు గడచినను పాలు త్రాగక, తల ఎత్తలేక పడియున్న పిల్ల సంగతి వేరు. దాని రక్తములో చక్కెర తరిగి ఉండును. కేవలము వెచ్చచేసినచో మూర్ఛలు రావచ్చును. ముందు గ్లూకోజు, పిమ్మట వేడి అవసరము. ఇది పశువైద్యుని చేతి పని. 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును కోరవచ్చును.

నెలలు నిండక ఈనుటకు కారణములు కూడ తెలియవలెను. చాలని మేత, తోటి మేకల కుమ్ములాట, ఇరుకైన దొడ్డివాకిలి కొన్ని. నందిగామ, కంచికచర్ల పొలములలో సుబాబుల్ విరివిగా ఉన్నది. అది బలమైన మేతయే అయినను అందు మైమోసిన్ అను విషపదార్థము గలదు. చూలు మేకకు అది ఒక్కటే పెట్టక ఇతర మేతతో కలిపి కొద్దిగా పెట్టవలెను. మందలో ఒకదాని వెనుక ఒకటిగా ఈచుకొనిపోవుచున్నచో బ్రూసెల్లా వంటి అంటురోగమును శంకింపవలెను. మాల్టా దీవిలో సైనికులను బాధించిన జ్వరమునకు కారణమైన ఈ సూక్ష్మజీవిని 1887లో డేవిడ్ బ్రూస్ కనుగొనెను. అది మేకపాల వలన సోకునని 1905లో జమిత్ అను వైద్యుడు తెలిసికొనెను. కనుక మాయను, ఈచిన పిండమును వట్టిచేతులతో తాకరాదు, లోతుగా పూడ్చవలెను. గర్భిణీ స్త్రీలు ఆ పనికి పోరాదు. నోటితో పిల్ల నోటిలోనికి ఊదరాదు. పాలు కాచియే త్రాగవలెను.

చూలు కట్టిన దినమును గోడ మీద బొగ్గుతో వ్రాసి ఉంచుకొన్నచో ఈనువేళ ముందే తెలియును. అందుకు పదునైదు దినములు ముందుగానే గంప, ఎండుగడ్డి, పాతగుడ్డలు, రెండు సీసాలు, టించరు ఒకచోట సిద్ధపరచుకొనుట వివేకము. ఇందు ఖర్చు స్వల్పము. కావలసినది ఒక రాత్రి మెలకువ. తుడుచుట, ఆర్చుట, వెచ్చచేయుట, పిదప పాలు పట్టుట — ఈ నాలుగింటి వరుస తప్పకున్నచో, పోయినదనుకొన్న పిల్లయు పెక్కు తడవలు తెల్లవారుసరికి తల ఎత్తి తల్లిని పిలుచును.