ఫోనులో డాక్టరు, ఊరిలో తూకం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీచరును కనుక లెక్కలతో మొదలుపెడతాను. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. పురుషులలో నూటికి 31 మంది. ఇది పట్నం జబ్బు అనుకోకండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో పరిశోధకులు మరణాలకు కారణాలు ఇంటింటా విచారించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వల్ల పోయినవారు 12 మంది.

పక్షవాతం వచ్చాక, కిడ్నీలు పాడయ్యాక సాయం కోసం వచ్చే కుటుంబాలను మీరు చూస్తూనే ఉన్నారు. ఆ జబ్బులకు దారితీసే షుగరు, బీపీల వెనుక చాలామందిలో పెరిగిన నడుము ఉంటుంది. మన దేశస్థులలో నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతారు. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా షుగరు, బీపీలలో మేలు కనిపిస్తుంది.

అయితే బరువు తగ్గడం ఒక్కసారి డాక్టరును చూసి వస్తే అయ్యే పని కాదు. నెలల తరబడి ఎవరో ఒకరు అడుగుతూ, చెబుతూ ఉండాలి. లంక గ్రామం నుంచి పంటు దాటి, బస్సెక్కి ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. భర్త కువైట్‌లో ఉంటే వెంట వచ్చేవారుండరు. నలుగురిలో తూకం ఎక్కాలంటే మన ఆడవారికి సిగ్గు. కానీ రోజూ కువైట్‌కు వీడియో కాల్ చేసే ఆ చేతికి డాక్టరుతో మాట్లాడడం కష్టమా?

కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో ఈ-సంజీవని మొదలుపెట్టింది. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్ నుంచి, ఇంట్లో కూర్చునే ఉచితంగా డాక్టరును అడిగే వీలు కల్పించింది. అదే ఏడాది మార్చి 25న టెలిమెడిసిన్ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు లేకుండా ఫోనులో సన్నబడే మందులు అమ్మేవారిని నమ్మవద్దు. షుగరు మందులు వాడేవారు రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడి మోతాదు, వేళలు సరిచూసుకోవాలి.

ఫోను ఒక్కటే చాలదన్న సంగతి కూడా చెప్పాలి. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి ఒక పరిశోధన చేశారు. బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో పెద్ద తేడా రాలేదు. యంత్రంతో పాటు మందు అందాలి, మనిషి వెంటపడాలి. పైగా ఫోను తూకం వేయదు, నడుము కొలవదు.

అందుకే మిమ్మల్ని కోరేది చిన్నది. మన సొసైటీ హాలులో స్త్రీలకు విడిగా ఒక గది, ఒక తూకం మిషను, టేపు, బీపీ మిషను, ఒక స్మార్ట్ ఫోను. చదువుకున్న మన అమ్మాయి ఒకరికి శిక్షణ ఇప్పించి, నెలకు కొంత గౌరవ వేతనం. ఆమె పదిహేను రోజులకోసారి కొలతలు రాస్తుంది, డాక్టరుకు కాల్ కలుపుతుంది, రానివారికి కబురు పెడుతుంది. జకాత్ సొమ్ము దీనికి చెల్లుతుందో లేదో ఉలమాలు చెప్పాలి. నేనడుగుతున్నది సదఖా నుంచి.

రెండు షరతులు. ఆ రిజిస్టరులోని పేర్లు, ఫొటోలు ఈ సావనీరులో ఎప్పుడూ అచ్చు వేయకూడదు. రేపు ఏ కాలేజీవారైనా పరిశోధనకు ఆ వివరాలు అడిగితే, నైతిక కమిటీ అనుమతి, ఆ మనిషి అంగీకారం రెండూ ఉండాలి.

పక్షవాతం వచ్చిన ఇంటికి ఇచ్చే సాయం ఆపమని నేననను. దాని పక్కనే, ఆ ఇంటికి పక్షవాతం రాకుండా చూసే ఖర్చుకు కూడా ఈ ఏడాది బడ్జెట్‌లో ఒక పద్దు రాయమని అడుగుతున్నాను.