మనసు వాదిస్తుంది, తీర్పు మీదే

పట్టాలు అందుకుంటున్న మీకు, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకు అభినందనలు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు మన పెద్దలు. ఈ సామెతలో సగం నిజముంది. మిగతా సగం తెలియాలంటే మన ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషి కథ వినాలి.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. కుర్రవాడేమో నాటకాల వెంట, అల్లరి మూకల వెంట తిరిగాడు. ఆ సంగతి ఆయనే ‘నా జీవిత యాత్ర’లో దాచకుండా రాసుకున్నారు. హనుమంతరావు నాయుడనే మాస్టారు చేరదీసి చదువు దారి పట్టించారు. మరి ఆ అల్లరిలోని తెగువ పోయిందా? పోలేదు. 1928లో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ మద్రాసులో జనం లేచిననాడు పోలీసు తుపాకీకి రొమ్ము చూపి నిలబడింది ఆ తెగువే. స్వభావం అలాగే ఉంది, అది చేసే పని మారింది. ఆ మార్పునే నేను శీలం అంటాను.

దీనికి అడ్డొచ్చేది మన మనసే. మనసు గడుసు ప్లీడరు. ఫీజు ఎటు ఎక్కువ ముడితే అటు వాదిస్తుంది. ‘అందరూ చేసేదేగా’, ‘ఈ ఒక్కసారికే’, ‘నేనొక్కణ్ణి మానితే లోకం బాగుపడుతుందా’ అన్నవి దాని పాత వాదనలు. పొగాకు బేలుకు పైన మేలురకం పేర్చి లోపల నాసిరకం కుక్కేవాడు, ముసలమ్మ పింఛను కాగితం మీద సంతకానికి చెయ్యి చాపేవాడు తాము తప్పు చేస్తున్నామనుకోరు. అప్పటికే లోపల కేసు గెలిచి ఉంటారు.

ప్రకాశంగారు అసలైన ప్లీడరే. రాజమండ్రిలో ప్రాక్టీసు చేసి, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో దండిగా ఆర్జించారు. 1921 నాటికి అదంతా వదిలి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. ‘సంపాదిస్తూ చందాలిస్తే చాలదా’ అని ఆయన మనసూ వాదించే ఉంటుంది. ఆయన వినలేదు. ఆస్తి కరిగింది, పత్రికా నిలవలేదు. ఆయనది మొండితనమన్నవాళ్లున్నారు, అందులోనూ కొంత నిజముంది. కానీ ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా చేసిన ఆయన 1957లో కన్నుమూసేనాటికి వెనకేసుకున్నదేమీ లేదు. తన మొండితనానికి మూల్యం తానే చెల్లించుకున్నారు.

మనకు కొలత అక్కడే దొరుకుతుంది. మనసు మరీ గట్టిగా వాదిస్తున్నప్పుడు, లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని అడగండి. లాభమంతా మీకూ, నష్టమంతా ఎదుటివాడికీ అయితే ఆ కేసు కొట్టేయండి. మొదట్లో కష్టమే. చంచలమైన మనసు అభ్యాసంతో, వైరాగ్యంతో లొంగుతుందని గీత చెప్పింది. మంచి గుణం చేయగా చేయగా అలవడుతుందని గ్రీసులో అరిస్టాటిలూ చెప్పాడు. పది రూపాయల దగ్గర నిజాయితీ అలవాటు కానివాడు పది లక్షల దగ్గర నిలబడలేడు.

మీరూ ఆస్తులు పోగొట్టుకోవాలని నేను కోరను. ఉద్యోగాలు చేయండి, సంపాదించండి, ఇంటి అప్పులు తీర్చండి. సింగరాయకొండలో రైలెక్కి ఏ ఊరు వెళ్లినా మీ కాగితాల మీద ప్రకాశం జిల్లా అని ఉంటుంది. ఆ పేరుకు మాట రానివ్వకండి. శుభమస్తు.