చెట్టు లెక్కన అమ్మొద్దు, కొలిచి అమ్ముదాం

పాడేరు, అరకు ఏజెన్సీలో సొంత పట్టా భూమి ఉన్న అన్నలారా, అక్కలారా, ఊరి పెద్దలారా!

కాఫీకి నీడ కోసం మనం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల గురించి రెండు మాటలు చెప్తాను. షావుకారు తోటలోకి వస్తాడు, కంటితో చూస్తాడు, "చెట్టుకి ఇంత" అంటాడు. పిల్లల ఫీజో, ఇంట్లో జబ్బో ఉంటుంది కాబట్టి మనం సరే అనేస్తాం. అక్కడే మోసపోతున్నాం.

కలప డిపోల్లో వాడే పాత లెక్క ఒకటుంది, నేర్చుకోండి. దుంగ నడిమధ్యలో తాడు చుట్టి కొలవాలి. వచ్చిన అడుగుల్ని నాలుగుతో భాగించి, దాన్ని దాంతోనే హెచ్చవేసి, తర్వాత పొడవుతో హెచ్చవేయాలి. చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 20 అడుగులైతే 20 ఘనపుటడుగులు. అదే పొడవులో చుట్టుకొలత 3 అడుగులైతే 11 చిల్లరే. చెట్టు లెక్కన అమ్మితే రెండింటికీ ఒకటే రేటు! పైగా ఈ లెక్క కూడా కొనేవాడికే లాభం. ఆ మొదటి దుంగలో నిజానికి 25 ఘనపుటడుగులు దాటి కలప ఉంటుంది.

రెండోది, కాగితాలు. "పర్మిషన్ నేను చూసుకుంటా" అంటే నమ్మకండి. 2002 వాల్టా చట్టం పట్టా భూమిలో చెట్లకి కూడా వర్తిస్తుంది. ఏ చెట్టు నరకడానికి, తరలించడానికి పర్మిట్ కావాలో ఫారెస్టు ఆఫీసులో ముందే రాసి అడగండి. కేసు పడితే భూమి మనదే కదా, మన మెడకే చుట్టుకుంటుంది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా అయితే ఇంకా జాగ్రత్త. ఆ చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది గానీ కలపని చేర్చలేదు.

ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం, వేలిముద్ర అస్సలు వద్దు. చెట్ల అగ్రిమెంటు పేరు చెప్పి భూమి లీజు రాయించుకోవచ్చు. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి లీజుకివ్వడం కూడా 1/70 ప్రకారం చెల్లదు. కానీ చెల్లదని తేల్చుకోవడానికి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది మనమే.

మూడోది, తోట. చెట్లన్నీ ఒకేసారి నరికితే కాఫీ మొక్క ఎండకి మాడిపోతుంది, చెట్టుకి పాకిన మిరియాల పాదూ పోతుంది. ఏటా వచ్చే రాబడిని ఒక్కరోజు డబ్బు కోసం పోగొట్టుకున్నట్టే. అవసరం ఉంటే ముదురు చెట్లు కొన్నే, అక్కడొకటి ఇక్కడొకటి తీయండి. తీసినచోట మళ్లీ మొక్క నాటండి.

ఒంటరిగా బేరానికి కూర్చోకండి. గ్రామసభలో చెప్పండి, ఇద్దరు ముగ్గుర్ని రేటు అడగండి, నలుగురి ముందు కొలవండి. నరికే కూలి, బండి ఖర్చు ఎవరిదో రాయించండి. డబ్బు చేతికొచ్చాకే లోడు కదలాలి. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ టేపు, ఆ పుస్తకం మీరు పట్టుకోండి.

మన చెట్టుకి కొలతా మనదే, ధరా మనదే. జై ఆదివాసీ!