పాత బట్టల బూజు వాసన పోవుటకు



సంతలో కొన్న పాత బట్టలకు బూజు వాసన ఉండుట సహజము. చెమ్మతో మడిచి ఉంచగా పెరిగిన బూజే దీనికి కారణము. అత్తరు చల్లినచో వాసన అణగును గాని బూజు పోదు.

ముక్కుకు గుడ్డ కట్టుకొని బట్టలను ఆరుబయట దులపవలెను. బకెట్టు నీటిలో గ్లాసుడు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టవలెను. పిదప సబ్బుతో ఉతికి, బాగా జాడించి, ఎండలో ఆరవేయవలెను. చెమ్మ మిగిలినచో వాసన మరల వచ్చును.

త్వరగా పోవునని వెనిగర్‌లో గాని నిమ్మరసములో గాని బ్లీచింగ్ పౌడరు ఎన్నడూ కలుపరాదు. ప్రాణాపాయకరమైన క్లోరిన్ వాయువు పుట్టును.

పురుగుమందు వాసన వేరు. ఆ వాసన గల బట్టలను ఎంత చవకైనను కొనవద్దు. ఉతికినంత మాత్రమున మందు పూర్తిగా పోదు.